తీగకు కాయ బరువా? – స్నాయువుల బలము, నులితీగల నేర్పు

"నరము పట్టినది", "నరము బెణికినది", "నరము లాగుచున్నది" – ఈ మూడు మాటలలో ఒకటైనను వినబడని దినము నా వైద్యశాలలో ఉండదు. మడమ వెనుక నొప్పి వచ్చినను నరమే. బొటనవ్రేలు వంగకపోయినను నరమే. భుజము పైకెత్తలేకపోయినను నరమే. రోగి చూపిన చోటును తాకి చూచినచో చాలసార్లు అక్కడ బాధపడుచున్నది నరము కాదు, స్నాయువు. పేరులో ఏమున్నదని అనుకొనరాదు. పేరు తప్పినచో చికిత్స తప్పును. స్నాయువు నొప్పికి నెలల తరబడి నరముల బలమునకని మాత్రలు మ్రింగువారిని, కదలించిననే బాగుపడు కీలును కట్టి కదలకుండ ఉంచి బిగిసిపోవునట్లు చేసికొన్నవారిని నేను ఏటేట చూచుచున్నాను. కనుక స్నాయువు అనగా నేమి, అది ఎట్లు బలపడును, ఎట్లు చెడును, ఇంటిలో దానికి మనము చేయదగినది ఏమి అను విషయములను ఈ వ్యాసమున వివరించెదను. ఇందుకు మన పెరటిలోని దొండపాదు, సొరపాదు మంచి సాక్ష్యములు.

నరము వేరు, స్నాయువు వేరు

మన వాడుక భాషలో మూడు వేర్వేరు వస్తువులను నరము అనుచున్నారు. ముంజేతిపై నీలముగా కనబడునది రక్తము పోవు సిర. స్పర్శను మెదడునకు తెలుపుచు, మెదడు ఆజ్ఞను మాంసపేశికి చేర్చునది అసలైన నరము. మడమ వెనుక త్రాడువలె గట్టిగా చేతికి తగులునది స్నాయువు. ఇది రక్తమును మోయదు, వార్తను మోయదు. ఇది బంధించును, లాగును, నిలుపును.

పాఠకులు ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఎడమచేతితో కుడి ముంజేతిని మోచేతికి కొంచెము క్రిందుగా పట్టుకొని, కుడిచేతి వ్రేళ్లను ముడిచి తెరువుడు. కదలునవి వ్రేళ్లు, కాని మీ ఎడమచేతి క్రింద పొంగి తగ్గుచున్నది ముంజేతి మాంసము. వ్రేళ్లలో వాటిని ముడుచు మాంసపేశులు లేవు. అవి ముంజేతిలో నున్నవి. అక్కడనుండి మణికట్టు మీదుగా వ్రేళ్ల కొనల వరకు సన్నని, గట్టి త్రాళ్లు సాగి యున్నవి. బావి గట్టుపై నిలిచి త్రాడు లాగినచో అడుగునున్న చేద పైకి వచ్చునట్లు, ముంజేతి పేశి లాగినచో వ్రేలు వంగుచున్నది. ఆ త్రాడే స్నాయువు. ఇంగ్లీషు వైద్యులు దీనిని టెండన్ అందురు. ఎముకను ఎముకతో కట్టు బంధమును లిగమెంట్ అందురు. ఆయుర్వేదము ఈ రెండింటిని స్నాయువు అను ఒకే వర్గమున చేర్చినది.

మరియొక చిక్కు కలదు. కండరము అనగా నేటి తెలుగులో మాంసపేశి. మన పాఠ్యపుస్తకములలో అదే అర్థము. ఆయుర్వేద గ్రంథములలో కండర అనగా లావైన గుండ్రని స్నాయువు. పాత గ్రంథముల అనువాదములు చదువువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. లేనిచో "గృధ్రసిలో మడమ కండర పీడింపబడును" అని చదివి పిక్క మాంసమునకు నూనె రాయుచు కూర్చుందురు.

సుశ్రుతుడు చెప్పిన తొమ్మిది వందలు

సుశ్రుత సంహిత శారీరస్థానము అయిదవ అధ్యాయమున శరీరమందలి స్నాయువులు 900 అని చెప్పబడినది. కాలుసేతులలో 600, మొండెమున 230, మెడ మొదలు పై భాగమున 70. వీటిని నాలుగు విధములుగా విభజించినారు. కాలుసేతులలోను, సర్వసంధులలోను ఉండునవి ప్రతానవతులు. గుండ్రముగా నుండునవి వృత్తములు. వీటినే కండరలని తెలిసికొనవలెను. ప్రక్కలు, రొమ్ము, వీపు, శిరస్సులందు వెడల్పుగా పరచుకొన్నవి పృథులములు. ఆమాశయము, పక్వాశయము, మూత్రాశయముల చివర నడుమ బోలుగా నుండునవి సుషిరములు.

నేటి శరీరశాస్త్రము లెక్కించు విధము వేరు గనుక ఈ సంఖ్యను దానితో సరిపోల్చి వాదించుట వ్యర్థము. సుశ్రుతుని చూపు ఎంత నిశితమో చెప్పుటకు ఆయన ఇచ్చిన ఉపమానము చాలును. పలకలతో చేసిన నావ అనేక బంధములచే బిగింపబడినప్పుడే మనుష్యులతో కూడ భారమును మోయుచు నీటిపై సాగును. అట్లే సంధులన్నియు స్నాయువులచే కట్టబడి యుండుటచేతనే మానవుడు బరువు మోయగలుగుచున్నాడని ఆయన భావము. పలకలు ఎంత మంచివైనను కట్లు వదులైనచో నావ మునుగును. స్నాయువు దెబ్బతిన్నచో కలుగు హాని ఎముక, పేశి, సిర, సంధి దెబ్బతిన్నదానికంటె అధికమని కూడ అక్కడనే హెచ్చరించెను.

ఇక ప్రతానవతి అను మాటను చూడుడు. గురుకులమున శారీరస్థానము వల్లె వేయు దినములలో ఈ శబ్దమునకు అర్థమేమని అడిగితిని. గురువుగారు నిఘంటువు తీయలేదు. పెరటిలోని దొండపాదు దగ్గరకు తీసికొనిపోయి, పందిరి కట్టెను చుట్టుకొన్న సన్నని నులితీగను చూపి, "ఇది ప్రతానము. దీనిని త్రెంపక విడదీయుము చూతము" అనిరి. నా చేత కాలేదు. ఆ పాఠము అంతటితో ముగిసినది. సుశ్రుతుడే తన గ్రంథారంభమున ఓషధులను నాలుగుగా విభజించునప్పుడు, ప్రాకు తీగలను గూడ ఇదే ప్రతానవతి శబ్దముతో పేర్కొనినాడు. మొక్కలో తీగకును, మనిషిలో స్నాయువునకును ఒకే పేరు! సూత్రస్థానమున గాయములు కుట్టుటకు పనికివచ్చు దారములను చెప్పుచు, స్నాయువును, తిప్పతీగ నారను ఒకేచోట చేర్చినాడు. పట్టి యుంచుటలో ఈ రెంటికి గల సామ్యము మన పూర్వులకు చేతి అనుభవము.

పెరటిలోని పాఠము

తీగలన్నియు ఒకే విధముగా ప్రాకవు. చిక్కుడు, బచ్చలి, తిప్పతీగ తమ కాండముతోనే ఆధారమును చుట్టుకొనును. తమలపాకు తీగ కణుపుల వేళ్లతో అంటుకొనును. దొండ, కాకర, సొర, బీర, పొట్ల, గుమ్మడి, దోస మాత్రము నులితీగలను చాపి ఆధారమును పట్టుకొనును. దొండ, కాకరల నులితీగ ఒంటిపోగు. సొర, బీరలకు చీలికలుండును. ద్రాక్ష, నల్లేరు తీగలలో ఇవి ఆకునకు ఎదురుగా కణుపునుండి పుట్టును. బఠాణీలో ఆకు చివరి రెమ్మలే నులితీగలైనవి.

వీటి నడవడిని శ్రద్ధతో పరిశీలించినవాడు ఛార్లెస్ డార్విన్. 1865లో ఆయన ప్రాకు మొక్కలపై పెద్ద వ్యాసము ప్రకటించెను. 1875లో అది విస్తరింపబడి పుస్తకమైనది. లేత నులితీగ గాలిలో నెమ్మదిగా వలయముగా తిరుగుచు ఆధారమును వెదకును. పుల్ల తగిలినంతనే తగిలిన వైపునకు వంగును. ఒకానొక జాతి తీగలో తాకిన అర నిమిషములోపుననే ఈ వంపు మొదలగుట డార్విన్ చూచెను. ఇంత సున్నితమైనదైనను వానచినుకులు పడినచో అది వంగదు. పట్టదగినదేదో పట్టరానిదేదో దానికి తెలియును!

పట్టు దొరకిన పిదప రెండవ పని మొదలగును. నులితీగ మధ్యభాగము స్ప్రింగువలె చుట్టలు తిరుగును. రెండు కొనలు కట్టుబడి యున్నవి గనుక ఒకే దిక్కునకు తిరుగుట సాధ్యము కాదు. కావున సగము కుడికి, సగము ఎడమకు తిరిగి, నడుమ ఒక చిన్న తిన్నని ముక్క మిగులును. పాఠకులు దొండపాదు దగ్గర నిలిచి చూచినచో ఈ వింత కంటికి స్పష్టముగా కనబడును. ఈ చుట్టల వలన తీగ ఆధారము దగ్గరకు లాగబడును. అంతకంటె ముఖ్యముగా, పెనుగాలి వీచినప్పుడు నులితీగ సాగి, గాలి తగ్గగానే మరల ముడుచుకొనును. బిగుసుకొని యున్నచో ఒక్క విసురునకే తెగిపోయెడిది. 2012లో హార్వర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దోస నులితీగను పరిశీలించి, దాని లోపల ఒక నారపట్టీ కలదనియు, ఆ పట్టీలో ఒకవైపు ఎక్కువగా ముడుచుకొనుటచే చుట్టలు ఏర్పడుననియు నిరూపించిరి. ముదిరిన నులితీగను లాగినచో చుట్టలు విప్పుకొనుటకు బదులు మొదట మరికొన్ని చుట్టలు పెరుగుననియు వారు కనుగొనిరి. లాగినకొలది పట్టు బిగియును!

మూడు పేటల త్రాడు

ఇప్పుడు మన శరీరములోని త్రాడును చూతము. స్నాయువునందు నీరు పోగా మిగిలినదానిలో అధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. దీని నిర్మాణమును కనుగొనుటలో దక్షిణ భారతమునకు గౌరవస్థానము కలదు. 1954-55 సంవత్సరములలో మద్రాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు కొల్లాజెన్ అణువు మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసికొన్న రూపము గలదని తెలిపిరి. కొబ్బరిపీచును పేటలుగా పేని, పేటలను కలిపి త్రాడు చేయునట్లు, ఈ మూడు పోగుల అణువులు కలసి సన్నని దారములు, దారములు కలసి కట్టలు, కట్టలు కలసి స్నాయువు ఏర్పడుచున్నవి.

మడమ వెనుక నుండు స్నాయువు శరీరమంతటిలో మిక్కిలి దృఢమైనది. పిక్కనుండి మడమ ఎముక వరకు దిగునప్పుడు దీని పోగులు తిన్నగా దిగవు. సుమారు పావు చుట్టు మెలి తిరిగి దిగును. నులితీగకు చుట్టలెట్లో, దీనికి ఈ మెలిక అట్లు. అడుగు వేసినప్పుడు ఇది కొంచెము సాగి శక్తిని దాచుకొని, అడుగు తీసినప్పుడు తిరిగి ఇచ్చును. పరుగులో దీనిపై పడు భారము మనిషి బరువునకు అనేక రెట్లు.

ఇంత బలము గల స్నాయువునకు ఒక లోపము కలదు. దానికి రక్తప్రసారము స్వల్పము. మడమ ఎముకకు రెండు మొదలు ఆరు సెంటీమీటర్ల పైభాగమున ఇది మరింత తక్కువ; తెగుట ఎక్కువగా అక్కడనే జరుగును. కనుకనే కోసుకొన్న చర్మము వారమున మానగా, దెబ్బతిన్న స్నాయువునకు నెలలు పట్టును. "పదిదినములుగా మందు వాడుచున్నాను, గుణము లేదు" అని విసుగు చెందువారు ఈ సంగతి తెలిసికొన్నచో వైద్యులను మార్చుచు తిరుగుట తగ్గును.

భారమే పోషణము

ఈ వ్యాసమునకు ప్రాణమువంటి విషయము ఇది. ఒక గోడప్రాకు తీగయందు డార్విన్ ఒక సంగతి గమనించెను. గోడను పట్టుకొనలేకపోయిన నులితీగ ఒకటి రెండు వారములలో ఎండి రాలిపోయినది. పట్టుకొన్నది మాత్రము లావెక్కి, గట్టిపడి, సంవత్సరముల తరబడి నిలిచినది. కనీసము పదేండ్ల వయస్సు గలదని ఆయన అంచనా వేసిన ఒక చిన్న నులితీగ శాఖ రెండు పౌనుల బరువును, అనగా సుమారు 900 గ్రాములను, మోసినది. రెండును ఒకే తీగకు పుట్టినవి. నీరు, ఎరువు రెండింటికి ఒక్కటే. భేదమంతయు ఒక్కటే – ఒకటి భారము మోసినది, రెండవది మోయలేదు.

మన స్నాయువులకును ఇదే ధర్మము. మితమైన భారము పడినప్పుడు వాటిలోని జీవకణములు దానిని గ్రహించి క్రొత్త పోగులను అల్లును. భారము లేక వారముల తరబడి పడియున్నచో స్నాయువు పలుచబడి, కీలు బిగుసుకొనును. తీగకు కాయ బరువా అని మన పెద్దలు తల్లిబిడ్డలనుగూర్చి చెప్పిన సామెత స్నాయువుల విషయమున అక్షరాల సత్యము. కాయ బరువు తీగకు శిక్ష కాదు.

2013లో డెన్మార్కు పరిశోధకులు మడమ స్నాయువుపై ఒక విశేషమును వెల్లడించిరి. 1955–63 నడుమ జరిగిన అణుపరీక్షల వలన వాతావరణమున పెరిగిన ఒక విధమైన కార్బనును ఆధారముగా గైకొని స్నాయువు లోపలి పోగుల వయస్సును లెక్కించిరి. స్నాయువు నడిభాగము సుమారు 17 ఏండ్ల వయస్సునాటికే ఏర్పడి, ఆ తరువాత దాదాపు మారదని తేలినది. అనగా బిడ్డ ఆ వయస్సులోపల ఆడి, దూకి, పరుగెత్తి కట్టుకొన్న త్రాటితోనే అరువదేండ్లు నడువవలెను. ట్యూషనులకు ఆలస్యమగునని సాయంకాలపు ఆటలు మాన్పించు తల్లిదండ్రులు దీనిని ఆలోచింపవలెను.

ప్రేమతో చేసిన పొరపాటు ఎంత కష్టము తెచ్చునో చెప్పుటకు ఒక ఉదాహరణము. అరువదేండ్ల గృహిణి ఒకరు మెట్టు జారి చేతిపై పడినారు. ఎముక విరుగలేదు. ఎక్స్‌రే తీసిన వైద్యులు వారము దినముల తరువాత చేతిని కొంచెము కొంచెముగా కదలింపుమని చెప్పి పంపినారట. ఇంటివారు మాత్రము "అత్తయ్యా, మీరు చేయి కదపవద్దు, అన్నియు మేము చేసెదము" అని రెండు నెలలు మెడకు గుడ్డ కట్టి చేతిని అందులో ఉంచిరి. అన్నము కలిపి నోటికి అందించిరి. కట్టు విప్పు నాటికి భుజము బిగుసుకొని, ఆమె జుట్టు ముడి వేసికొనలేక, వీపు రుద్దుకొనలేక నా యొద్దకు వచ్చినారు. ఆయుర్వేదమున దీనిని అవబాహుకము అందురు. తైలముతోను, కాపడముతోను, ప్రతిదినము గోడపై వ్రేళ్లు ప్రాకించు అభ్యాసముతోను ఆ చేయి తలపైకి లేచుటకు సంవత్సరము పట్టినది. కోడళ్ల సేవలో లోపము లేదు. ఆ సేవ చేతికి పని లేకుండ చేసినది, అదియే ఇబ్బంది.

బెణికిన దినమున చేయవలసినది

మొదటి రెండు మూడు దినములు:

1. నొప్పిగల అవయవమునకు విశ్రాంతి ఇచ్చి, దిండుపై ఎత్తుగా ఉంచవలెను.
2. చన్నీటిలో తడిపిన గుడ్డను గాని, గుడ్డలో చుట్టిన మంచును గాని పదిహేను నిమిషముల చొప్పున దినమునకు మూడు నాలుగు సార్లు వేయవలెను. మంచును నేరుగా చర్మముపై ఉంచరాదు. చల్లదనము ఆయుర్వేదమునకు విరుద్ధమని కొందరు తలంతురు. భగ్నచికిత్సలో సుశ్రుతుడు మర్రి మొదలగు చెట్ల కషాయమును బాగుగా చల్లార్చి దానితో తడుపుమని చెప్పియున్నాడు.
3. మెత్తని బట్టతో కట్టు కట్టవలెను. కట్టు వదులైనచో సంధి నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపు, నొప్పి, పాకము కలుగుననియు సుశ్రుతుని హెచ్చరిక. వ్రేళ్లు నీలివర్ణమగుట, తిమ్మిరెక్కుట కనబడినచో వెంటనే కట్టు వదులు చేయవలెను.
4. వేడి కాపడము, గట్టి మర్దన, నరము లాగించుట ఈ దినములలో పనికిరావు. అవి వాపును పెంచును. పోగులు కొంత తెగి యున్నచో లాగించుటవలన పూర్తిగా తెగవచ్చును.

వాపు తగ్గిన పిమ్మట

స్నాయువు, సంధి, అస్థులను వాతము ఆశ్రయించినప్పుడు స్నేహము, ఉపనాహము, అగ్నికర్మ, బంధనము, మర్దనము అను అయిదు ఉపాయములను సుశ్రుతుడు చెప్పెను. వీటిలో అగ్నికర్మ నిపుణుడైన వైద్యుని పని. తక్కినవి ఇంటిలో సాధ్యములే.

గోరువెచ్చని నువ్వులనూనెను గాని, మహానారాయణ తైలమును గాని మెల్లగా రాయవలెను. పిదప వావిలి ఆకులను గాని ఆముదపు ఆకులను గాని కొంచెము నూనెతో వెచ్చచేసి గుడ్డలో మూటగట్టి పది నిమిషములు కాపవలెను. ఈ కాపడము నొప్పిని, బిగువును తగ్గించి కదలికకు దారి చేయును. తెగిన పోగులను అతికించునది మాత్రము కాపడము కాదు. క్రమముగా పెంచు భారమే. మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గినవారు కాపడమునకు ముందు వేడిని ఇంటిలో మరియొకరిచే పరీక్షింప చేయవలెను. కాలినను వారికి తెలియదు; ఆ బొబ్బ పుండై పాదమునకే ముప్పు తేవచ్చును.

మడమ వెనుక స్నాయువు నొప్పికి ఒక అభ్యాసము చాలమందికి మేలు చేయుచున్నది. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు దీనిని పరుగు అలవాటు గల పదునైదుగురిపై పండ్రెండు వారములు పరీక్షించి ప్రకటించిరి. మెట్టు అంచున పాదముల ముందుభాగముతో నిలిచి, కమ్మిని పట్టుకొని, రెండు మడమలను పైకెత్తవలెను. పిదప బరువును నొప్పి గల కాలిపై ఉంచి, ఆ మడమను మెట్టు అంచునకు క్రిందుగా మెల్లమెల్లగా దించవలెను. మరల పైకి లేచుటకు మంచి కాలిని ఉపయోగింపవలెను. ఇట్లు 15 సార్లు చొప్పున మూడు విడతలు, దినమునకు రెండు పూటలు, పండ్రెండు వారములు. వయస్సు మీరినవారు, బరువు ఎక్కువగా గలవారు సమతలముపై, రెండు కాళ్లతో, అయిదారు సార్లతో ఆరంభింపవలెను. నొప్పి సరిగా మడమ ఎముకకు అంటుకొనుచోటనే యున్నచో మడమను మెట్టు క్రిందికి దింపరాదు. చేయునప్పుడు కొద్ది నొప్పి ఉండవచ్చును; మరునాటి ఉదయమునకు నొప్పి పెరిగినచో సంఖ్య తగ్గించుకొనవలెను. ఆరంభమునకు ముందు వైద్యునిచే చూపించుకొని స్నాయువు తెగలేదని నిర్ధారణ చేసికొనుట మంచిది.

నల్లేరు – నులితీగ గల ఓషధి

స్నాయువులకు, ఎముకలకు మన పూర్వులు ఎన్నుకొన్న ఓషధులలో నల్లేరు ముఖ్యము. దీనికి అస్థిసంహారి, వజ్రవల్లి అను పేర్లున్నవి. నాలుగు పలకల కాడ, కణుపు కణుపునకు గొలుసు అతికినట్లు కనబడుట, ఆకునకు ఎదురుగా నులితీగ – ఇవి గుర్తులు. ఇది ద్రాక్ష కుటుంబమునకు చెందినది. ఎముకల అతుకుపై దీని ప్రభావమును జంతువులలోను, కొద్దిమంది మనుష్యులలోను పరీక్షించి కొంత మేలు కలదని చెప్పిరి. పెద్ద పరీక్షలు ఇంకను జరుగవలసియున్నవి. కనుక దీనిని ఆహారముగా గ్రహింపుడు. విరిగిన ఎముకకు కట్టు మాని దీనినే నమ్ముకొనవద్దు.

నల్లేరు పచ్చడి చేయు విధము: లేత కాడలనే తీసికొనవలెను. చేతులకు నూనె రాసికొని, కణుపులు తీసివేసి, అంచుల నార ఒలిచి చిన్న ముక్కలు చేయవలెను. చేతికి, నాలుకకు దురద కలిగించు స్వభావము దీనికి కలదు. కావున నువ్వులనూనెలో రంగు మారువరకు బాగుగా వేయించుట, చింతపండు చేర్చుట తప్పనిసరి. మినపప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర వేయించి, ఉప్పు, చింతపండుతో కలిపి నూరి, వేడి అన్నములో కొంచెము నువ్వులనూనెతో తినవలెను. వారమునకు ఒకటి రెండు మార్లు చాలును. మూత్రపిండములలో రాళ్లు గలవారు, గర్భిణులు వైద్యుని అడుగక తినరాదు.

కొల్లాజెన్ తయారీకి సి విటమిను అవసరము. అది లేనిచో పోగుల అల్లిక బలహీనమగును. ప్రతిదినము ఒక ఉసిరికాయ గాని, జామపండు గాని, నిమ్మరసము గాని ఉండునట్లు చూచుకొనుడు. పప్పు, పాలు, పెరుగు మొదలగు మాంసకృత్తులును అంతే ముఖ్యము. పెద్దవయస్సువారు రాత్రి కేవలము అన్నము, మజ్జిగతో సరిపుచ్చుకొనుట స్నాయువులకు మేలు కాదు.

తప్పక తెలియవలసిన హెచ్చరికలు

జ్వరమునకు, విరేచనములకు, మూత్రమంటకు మందుల దుకాణమున అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు కొని మ్రింగు అలవాటు మన ఇండ్లలో కలదు. ఈ వర్గపు మందులు కొందరిలో స్నాయువును బలహీనపరచి, తెగుటకు కారణము కావచ్చునని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టెకట్టి ముద్రింపవలసిన తీవ్ర హెచ్చరికను ఆదేశించెను. అరువది దాటినవారికి, స్టెరాయిడు మందులు వాడువారికి ఈ ప్రమాదము అధికము. అవసరమైనచోట ఇవి ప్రాణరక్షకములే. వైద్యుడు వ్రాసినచో భయపడనక్కరలేదు. కాని ఈ మందు వాడుచుండగా గాని, తరువాతి కొన్ని నెలలలో గాని మడమ వెనుక నొప్పి, వాపు కనబడినచో ఆ కాలిపై శ్రమ పెట్టక, మందు వ్రాసిన వైద్యునికి అదేదినము తెలుపవలెను. సొంతముగా కొనుట మాత్రము మానుడు.

ఈ క్రింది గుర్తులు కనబడినచో నూనెలు, కాపడములు ప్రక్కనబెట్టి అదేదినము ఆసుపత్రికి పోవలెను:

1. పిక్క క్రింద "టప్పు" మని శబ్దమై, వెనుకనుండి ఎవరో తన్నినట్లు అనిపించి, ఆ కాలి మునివ్రేళ్లపై నిలువలేకపోవుట. ఇది మడమ స్నాయువు తెగిన గుర్తు.
2. కత్తిపీట గాని, గాజుపెంకు గాని తెగి వ్రేలు వంగకపోవుట, లేక తెరచుకొనకపోవుట. గాయము చిన్నదైనను లోపల స్నాయువు తెగియుండవచ్చును. పసుపు అద్ది గుడ్డ కట్టి ఊరకున్నచో తెగిన కొన ముంజేతి వైపు ముడుచుకొనిపోవును. ఆలస్యమైనకొలది కలిపి కుట్టుట కష్టమగును. వంటయింటిలో పనిచేయు స్త్రీలు వ్రేలు తెగినప్పుడెల్ల రక్తము ఆగిన వెంటనే ప్రతి కణుపును వేరువేరుగా వంచి చూచుకొనవలెను.
3. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరముతో కూడి యుండుట.
4. పడిన తరువాత అవయవము వంకరగా కనబడుట, లేక నాలుగడుగులైనను వేయలేకపోవుట.

వీటిని విడిచినచో తక్కిన స్నాయువు నొప్పులలో అధికభాగము ఓర్పుతోను, క్రమమైన కదలికతోను ఇంటిలోనే తగ్గును. పందిరి వేసిన మరునాడే ఎవరును గుమ్మడికాయను తీగకు వ్రేలాడగట్టరు. నులితీగ పట్టు చిక్కించుకొనును, చుట్టలు తిరుగును, ముదురును. పిందె నెమ్మదిగా కాయ అగును. కాయతోపాటు తీగయు బలియును. రోగి భుజమునకు, మడమకు, మణికట్టునకు మనము పెట్టవలసిన పనియు ఆ వరుసలోనే యుండవలెను. నేడు గోరంత, రేపు దానికంటె ఒక పిసరు ఎక్కువ. పెద్దవారికి సేవ చేయు కొడుకులు, కోడళ్లు వారి చేతిలోని పనినంతటిని లాగికొనక, ఏదో యొక చిన్న పనిని – చిక్కుడుకాయలు ఈనెలు తీయుటయో, పూలు కట్టుటయో, తులసికోటకు చెంబుడు నీరు పోయుటయో – వారికే విడిచిపెట్టుడు.